చీకటి గదిలో సినిమా కోసం టీవీ బొమ్మ సర్దుబాటు: కూకట్‌పల్లి ఫ్లాట్, 55 అంగుళాల ఎల్‌ఈడీ, ప్రాజెక్టు డైరీ

పని మొదలయ్యేనాటికి

పది బై పన్నెండు అడుగుల గది, మూడో అంతస్తు, పడమటి గోడకు ఒక స్లైడింగ్ కిటికీ. టీవీ 55 అంగుళాల 4కే ఎల్‌ఈడీ, నలుపు బాగా చూపించే రకమైన వీఏ ప్యానెల్. వెనక లైటు మొత్తం ఒకేసారి పెరిగి తగ్గేదే, బొమ్మలో చీకటి ఉన్న చోట మాత్రమే లైటు తగ్గించే లోకల్ డిమ్మింగ్ లేదు. సోఫా నుంచి తెరకు ఏడున్నర అడుగులు. ఈ సైజు తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు కాబట్టి అంత దూరంలో కూర్చుంటే బొమ్మ కంటికి 30 డిగ్రీల మేర ఆనుతుంది. సినిమాకు అంతకంటే తగ్గకూడదు. కుర్చీ అయిదున్నర అడుగులకు జరిపితే 40 డిగ్రీలు వస్తుంది, ఇంకా బాగుంటుంది.

ఏ కొలతకు చేరాలో ముందే రాసిపెట్టుకున్నాం. మామూలు సినిమాకు, అంటే హెచ్‌డీఆర్ (ఇంకా ఎక్కువ వెలుగు పరిధితో వచ్చే వీడియో) కానిదానికి, వీడియో కోసం రంగులు దిద్దే స్టూడియో మానిటర్‌లో తెలుపు 100 నిట్స్ (నిట్ అంటే తెర వెలుగుకు కొలమానం), గామా 2.4 (నలుపుకూ తెలుపుకూ మధ్య వెలుగులు ఎలా పెరగాలో చెప్పే అంకె), తెలుపు రంగు డీ65 (పగటి వెలుతురును పోలిన ప్రామాణిక తెలుపు), రంగుల పరిధి రెక్ 709 (హెచ్‌డీ వీడియో రంగుల ప్రమాణం). థియేటర్ తెరకైతే ప్రమాణం 48 నిట్స్ మాత్రమే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా చూసి బొమ్మ అదిరిందనుకునేది ఆ చుట్టుపక్కల వెలుతురులోనే. షోరూంలో ట్యూబ్‌లైట్ల కింద ఆకట్టుకోవడానికి పెట్టిన టీవీ సెట్టింగ్ ఆ 100 నిట్స్‌కు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. లైట్లన్నీ ఆర్పిన గదిలో అదే వెలుగు అరగంటలో కళ్ళు మండిస్తుంది, నలుపును బూడిద చేస్తుంది.

ముందు గది

టీవీ మెనూ ముట్టుకోకముందే గది చీకటి కావాలి. వెలుతురులో చేసిన నలుపు సర్దుబాటు చీకట్లో పనికిరాదు.

కిటికీ నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. ఎదురు అపార్ట్‌మెంట్ కారిడార్ దీపం, కింద వీధి ఎల్‌ఈడీ రెండూ నేరుగా లోపలికి పడతాయి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో 54 అంగుళాల పన్నా బ్లాకవుట్ గుడ్డ అయిదు మీటర్లు తీసుకున్నాం. ఏడున్నర అడుగుల చొప్పున రెండు పరదాలు కుట్టగా కుట్టుమడతలకు కాస్త మిగిలింది. రాడ్డు కిటికీ కంటే రెండు పక్కలా ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే అంచుల్లోంచి నిలువు గీతలుగా వెలుతురు కారుతుంది. గోడవైపు అంచుకు వెల్క్రో పట్టీ వేశాం. పై సందు మూయడానికి రాడ్డు మీద ఆరంగుళాల ప్లైవుడ్ పెల్మెట్ సరిపోయింది. తలుపు కింది సందుకు రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే బ్రష్ పట్టీ బిగించాం.

ఇక చిన్న దీపాలు. సెట్‌టాప్ బాక్సు, రౌటర్, స్టెబిలైజర్ లైట్ల మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్కలు అంటించాలి. బాక్సు ముందుభాగంలో రిమోట్ సిగ్నల్ అందుకునే ముదురు కిటికీ ఉంటుంది, దాన్ని మూస్తే రిమోట్ పనిచేయదు. ఏసీ అంకెల వెలుగు చాలావాటిలో రిమోట్ మీది లైట్ బటన్‌తోనే ఆరిపోతుంది.

మోడ్, ఆపాల్సినవి

టీవీని అరగంట నడిపించాకే సెట్టింగులు మొదలుపెట్టాం. చల్లగా ఉన్న బ్యాక్‌లైట్ వేడెక్కేకొద్దీ వెలుగు కొంచెం మారుతుంది.

పిక్చర్ మోడ్ సినిమా లేదా మూవీ. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదే. 2019లో యూహెచ్‌డీ అలయన్స్ ప్రకటించిన ఈ మోడ్ కదలికల నునుపు, అదనపు షార్ప్‌నెస్ లాంటివి తనంతటతానే ఆపేస్తుంది. మిగతా మోడ్‌లను దిద్దుకుంటూ కూర్చోవడం వృథా. షోరూం మెరుపు కోసం ఉండే వివిడ్ మోడ్‌లో రంగు తగ్గించినా వెనకాల నడిచే సర్దుబాట్లు మెనూలో కనపడవు.

ఆ తర్వాత ఎనర్జీ సేవింగ్, గది వెలుతురును బట్టి మారే సెన్సర్, డైనమిక్ కాంట్రాస్ట్, బ్లాక్ ఎన్‌హాన్సర్, నాయిస్ రిడక్షన్ అన్నీ ఆఫ్. మొదటి రెండూ ఆపకపోతే కింద చేసే ఏ కొలతా నిలవదు: ఇప్పుడు 100 నిట్స్ పెడితే పది నిమిషాల తర్వాత 70 చూపిస్తుంది. పిక్చర్ సైజులో జస్ట్ స్కాన్ లేదా స్క్రీన్ ఫిట్ ఎంచుకోవాలి, లేకపోతే అంచులు కోసి బొమ్మను సాగదీస్తుంది.

వెలుగు కొలవడం

ఇందుకు ప్రత్యేకమైన మీటరు అక్కర్లేదు. మాన్యువల్ మోడ్, స్పాట్ మీటరింగ్ (మధ్యలోని చిన్న భాగం వెలుగునే కొలవడం) ఉన్న ఏ డీఎస్‌ఎల్‌ఆర్ అయినా, మిర్రర్‌లెస్ అయినా చాలు.

పరీక్ష బొమ్మలకు ఉచితంగా దొరికే ఏవీఎస్ హెచ్‌డీ 709 ప్యాటర్న్‌లను ఎంపీ4 రూపంలో పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాం. ఫోటోలుగా కాకుండా వీడియోగానే నడపాలి. ఫోటో యాప్‌లో చాలా టీవీలు వేరే సెట్టింగులు వాడతాయి.

తెల్ల ప్యాటర్న్ తెర మీద పెట్టి, కెమెరాను ట్రైపాడ్ మీద తెరకు సూటిగా నిలిపాం. ఫోకస్ కొంచెం చెదరగొట్టాలి, లేకపోతే పిక్సెళ్ళ గళ్ళు చారలుగా పడి మీటరు తడబడుతుంది. ఐఎస్ఓ 100, ఎఫ్/4. ఇప్పుడు మీటరు ముల్లు సున్నాకు వచ్చేదాకా షట్టర్ మార్చాలి. షట్టర్ వేగం కింది అంకెను రెండుతో గుణిస్తే నిట్స్ వస్తాయి. 1/50 అంటే 100 నిట్స్, 1/25 అంటే 50. కెమెరా మీటర్ల లెక్కలో వాడే స్థిరాంకం 12.5 కావడం వల్ల ఐఎస్ఓ 100, ఎఫ్/4 దగ్గర గుణకం సరిగ్గా రెండుకు కుదురుతుంది. కంపెనీని బట్టి ఆ స్థిరాంకం కొంచెం తేడాగా ఉంటుంది కాబట్టి ఇరవై శాతం అటూ ఇటూ అనుకోవాలి. ఈ పనికి అది చాలు.

ఫ్యాక్టరీ వివిడ్‌లో 1/160 వచ్చింది, అంటే 320 నిట్స్. సినిమా మోడ్‌కు మార్చి బ్యాక్‌లైట్ 50 దగ్గరే ఉంచితే 1/80. బ్యాక్‌లైట్ 28కి దించాక 1/50 దగ్గర కుదిరింది. అక్కడే ఆపాం. ఎక్కువసేపు చూసేటప్పుడు కళ్ళు అలిసిపోతే 1/40 దాకా, అంటే 80కి దించుకోవచ్చు. అంతకంటే దించితే ముఖాలు నిర్జీవంగా కనిపిస్తాయి.

వెనక లైటు లేకుండా ప్రతి పిక్సెలూ తనే వెలిగే ఓఎల్‌ఈడీ టీవీ అయితే నిండు తెల్ల తెర పెట్టి కొలవకూడదు. తెర మొత్తం తెల్లగా ఉంటే కరెంటు వాడకాన్ని అదుపులో పెట్టడానికి వెలుగును అదే తగ్గించుకుంటుంది. మధ్యలో పది శాతం మేర ఉన్న చిన్న తెల్ల గడి వాడాలి.

బ్యాక్‌లైట్ బాగా దించినప్పుడు కొన్ని టీవీలు లైటును వేగంగా ఆర్పుతూ వెలిగిస్తూ మసక తెప్పిస్తాయి. తెల్ల తెర ముందు పెన్సిల్ అటూ ఇటూ వేగంగా ఆడించి చూడండి. మసక విసనకర్రలా కాకుండా విడివిడి పెన్సిళ్ళు వరసగా కనిపిస్తే ఆ మిణుకు ఉన్నట్టే. తలనొప్పి వచ్చే వాళ్ళు బ్యాక్‌లైట్ కాస్త పెంచి, కాంట్రాస్ట్ తగ్గించి అదే 100కి చేరడం మంచిది. నలుపు కొంచెం పైకి లేచినా పరవాలేదు.

నలుపు

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం దీనికే పట్టింది, పట్టాలి కూడా. రాత్రి సీను చూడగలమా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది.

మెనూ పేర్లు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉండటం వల్లే ఇక్కడ చాలామంది తప్పుదారి పడతారు. పాత అలవాటు ప్రకారం బ్రైట్‌నెస్ అంటే నలుపు స్థాయి, బ్యాక్‌లైట్ అంటే వెలుగు. కానీ సోనీలోనూ కొత్త శాంసంగ్‌లలోనూ బ్రైట్‌నెస్ అనేదే వెనక లైటు. నలుపుకు సోనీలో బ్లాక్ లెవెల్, శాంసంగ్‌లో షాడో డీటెయిల్ అని వేరే ఉంటాయి. రాత్రి సీను కనబడటం లేదని వెనక లైటు పెంచితే చీకటి చీకటిగానే ఉండి తెలుపు మాత్రం కొరుకుతుంది.

వీడియోలో వెలుగును 0 నుంచి 255 దాకా అంకెలతో రాస్తారు; అందులో నలుపు 16 దగ్గర మొదలై, తెలుపు 235 దగ్గర ముగుస్తుంది. బ్లాక్ క్లిప్పింగ్ ప్యాటర్న్‌లో 16కు అటూ ఇటూ అంకెలు వేసిన పట్టీలు మిణుకుతూ ఉంటాయి. లైట్లార్పి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా పది నిమిషాలు ఆగి చూడాలి. 16, అంతకు కిందివి పూర్తిగా నలుపులో కలిసిపోవాలి. 17 ఉందా లేదా అన్నట్టు, 18 సన్నగా, 20 స్పష్టంగా కనపడాలి. ఈ సెట్‌లో ఫ్యాక్టరీ అంకె 50 దగ్గర 20 నుంచే కనబడ్డాయి, అంటే నీడల్లోని మూడు మెట్లు మింగేస్తోంది. 52కి పెంచగానే 17 ఆనవాలు దొరికింది. 54కి వెళ్తే 16 కూడా లేచి, తెర మొత్తం పల్చటి పొగ పరిచినట్టయింది. 52 దగ్గర స్థిరం చేశాం.

దీన్ని సినిమాతో సరిచూడాలంటే 2.39 నిష్పత్తిలో తీసిన స్కోప్ సినిమాలో పైనా కిందా ఉండే నల్ల పట్టీలు చూడాలి. 1080 వరసల్లో ఒక్కో పట్టీ దాదాపు 138 వరసలు తింటుంది, 55 అంగుళాల తెర మీద ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పైన. ఆ పట్టీ నలుపు, అర్ధరాత్రి ఆకాశం నలుపు దాదాపు ఒకే తీరుగా ఉండి, ఆ ఆకాశం కిందే నల్ల చొక్కా మడతలు విడివిడిగా తెలియాలి. మడతలు మాయమైతే ఒక మెట్టు పెంచాలి. పట్టీలు గదిలోకి వెలుగు చిమ్ముతుంటే ఒక మెట్టు దించాలి.

ప్యానెల్‌కు ఉన్న హద్దును మాత్రం ఏ సెట్టింగూ దాటించలేదు. వీఏ ప్యానెల్‌లో కాంట్రాస్ట్ 4000కు 1 అనుకుంటే, తెలుపు 100 ఉన్నప్పుడు నలుపు 0.025 నిట్స్. మరో రకం ప్యానెల్ అయిన ఐపీఎస్‌లో 1000కు 1 కాబట్టి 0.1. చీకట్లో ఈ నాలుగు రెట్ల తేడా కళ్ళకు కడుతుంది. ఐపీఎస్ ఉన్నవాళ్ళు నలుపు కోసం బ్రైట్‌నెస్ దించి నీడలు పోగొట్టుకోకూడదు. వాళ్ళకు సరైన మందు టీవీ వెనక దీపం, అది కింద రాశాం.

బాక్సు ఒకటి పంపితే టీవీ ఒకటి అనుకుంటే

పెన్‌డ్రైవ్ నుంచి బాగున్న బొమ్మ హెచ్‌డీఎంఐ నుంచి చెడిపోతే ముందు రేంజ్ చూడాలి: 0 నుంచి 255 దాకా వాడితే ఫుల్, 16 నుంచి 235 దాకా వాడితే లిమిటెడ్. బాక్సు ఫుల్ రేంజ్ పంపుతూ టీవీ లిమిటెడ్ అనుకుంటే నీడలు మూసుకుపోయి మొహాలు మొద్దుబారతాయి. బాక్సు లిమిటెడ్ పంపుతూ టీవీ ఫుల్ అనుకుంటే బొమ్మ తేలిపోయి నలుపంతా బూడిదగా ఉంటుంది. ఈ లోపాన్ని బ్రైట్‌నెస్‌తో దిద్దబోతే ఎప్పటికీ కుదరదు. రెండు చోట్లా లిమిటెడ్ పెట్టాం. టీవీ మెనూలో దీన్నే కొన్ని లో అంటాయి.

కాంట్రాస్ట్ సంగతి తొందరగానే తేలింది. వైట్ క్లిప్పింగ్ ప్యాటర్న్‌లో 234 దాకా పట్టీలు విడివిడిగా కనిపించాలి. ఫ్యాక్టరీ 90 దగ్గరే కనబడ్డాయి, వదిలేశాం.

గామా

వెలుగు కొలిచిన కెమెరాతోనే గామా కూడా తెలుస్తుంది. తెలుపుకు 1/50 వచ్చిన సర్దుబాటులోనే 20 శాతం గ్రే గడి పెట్టి కొలవాలి. సరిగ్గా ఒక సెకను దగ్గర ముల్లు సున్నాకు వస్తే గామా 2.4. 0.8 సెకను అయితే 2.3, 0.6 అయితే 2.2 కంటే కొంచెం తక్కువ. ఆ గ్రే మీద ఉండేది రెండు నిట్స్ వెలుగే కాబట్టి, గదిలో ఫోను వెలిగినా కొలత పాడవుతుంది.

మెనూలో 2.2 ఉన్నప్పుడు 0.6 వచ్చింది. 2.4 ఎంచుకోగానే ఒక సెకను. మామూలు హాల్లో పట్టపగలు చూసేవాళ్ళకు 2.2 సరైనదే. చీకట్లో మాత్రం 2.2 మధ్యస్థ వెలుగులను పైకి లేపి, రాత్రిని సాయంత్రంలా చూపిస్తుంది.

తెలుపు రంగు, రంగులు

కలర్ టెంపరేచర్ వార్మ్ 2. కొన్నిట్లో వార్మ్ 50, ఎక్స్‌పర్ట్ 1 అంటారు. ఉన్నవాటిలో డీ65కు అదే దగ్గర. ఇంట్లో అందరూ మొదట బొమ్మ పసుపు తిరిగిందంటారు. నీలం కలిసిన తెలుపుకు ఇన్నాళ్ళు అలవాటు పడ్డ కళ్ళు అవి. మధ్యలో మళ్ళీ కూల్‌కు మార్చి పోల్చి చూస్తే అలవాటు మొదటికొస్తుంది, కాబట్టి వారం పాటు ముట్టుకోకుండా వదిలేయాలి. ఆ తర్వాత పాత సెట్టింగే ట్యూబ్‌లైట్ కింద చూసినట్టు అనిపిస్తుంది.

వైట్ బ్యాలెన్స్ మెనూలో గెయిన్, ఆఫ్‌సెట్ అని ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు విడివిడి అంకెలుంటాయి. కలరీమీటర్, అంటే తెర రంగును కొలిచే పరికరం, లేకుండా వాటి జోలికి పోకూడదు. అదే మోడల్ టీవీకి ఎవరో పెట్టుకున్న అంకెలు ఎక్కించుకోవడం కూడా పనికిరాదు, ఒకే మోడల్‌లోనూ ప్యానెల్‌కు ప్యానెల్‌కు తేడా ఉంటుంది. క్యాలిబ్రైట్ లేదా స్పైడర్ కలరీమీటర్ చేతికొస్తే హెచ్‌సీఎఫ్‌ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు. ముందు 80 శాతం గ్రే మీద గెయిన్, తర్వాత 30 శాతం మీద ఆఫ్‌సెట్, ఒకటి కదిపితే రెండోది కదులుతుంది కాబట్టి మళ్ళీ మొదటిది. రంగు ఎంత తప్పిందో చెప్పే ఎర్రర్ అంకె 3 కంటే తగ్గితే కంటికి తేడా పెద్దగా తెలియదు.

కలర్, టింట్ అంకెలు సినిమా మోడ్‌లో దాదాపు సరిగ్గానే ఉంటాయి. సరిచూడాలంటే కలర్ బార్స్‌ను టీవీలోని బ్లూ ఓన్లీ మోడ్‌లో చూడాలి. తెలుపు, నీలం పట్టీలు ఒకే వెలుగుతో ఉంటే కలర్ సరి. సయాన్, మజెంటా సమానమైతే టింట్ సరి. కలర్ గామట్ ఆటో. ప్యానెల్ చూపగల రంగులన్నీ వాడే నేటివ్ పెడితే కుంకుమ మరీ ఎర్రగా మెరుస్తుంది, పెళ్ళి సీనులో పసుపు బట్టలు కళ్ళలో గుచ్చుకుంటాయి, నటుల చర్మం ఎర్రబారుతుంది.

షార్ప్‌నెస్

టైటిల్స్ చూస్తే తెలిసిపోతుంది. బొమ్మ మీద తెల్ల తెలుగు అక్షరాలు పడేటప్పుడు దగ్గరికి వెళ్ళి ఠ, థ లను గమనించండి. సున్నా లోపలి చుక్క చుట్టూ నల్లని వలయం, దాని బయట మరో సన్నని గీత కనిపిస్తే షార్ప్‌నెస్ ఎక్కువైనట్టు. అది వివరం కాదు, టీవీ కల్పించిన అంచు. ముఖాల మీద అదే గరుకుగా, ఫిల్మ్ గ్రెయిన్ మీద ఇసుకలా కనబడుతుంది. శాంసంగ్‌లో 0 తటస్థం, సోనీలో 50 తటస్థం. ఈ సెట్‌లో 20 నుంచి 0కి దించితే వలయం పోయింది, చుక్క నిలిచింది.

కదలిక

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. మధ్యలో కల్పిత ఫ్రేములు పుట్టించే మోషన్‌ఫ్లో, ట్రూమోషన్, ఆటో మోషన్ ప్లస్ లాంటివి ఆఫ్ చేయాలి. అవి ఉంటే సినిమా సీరియల్‌లా జారుతుంది, చేయి వేగంగా ఊపినప్పుడు దాని చుట్టూ బొమ్మ చెదురుతుంది.

ఆపాక కెమెరా పక్కకు తిరిగే షాట్లలో కుదుపు కనబడితే అది ఈ టీవీ 60 హెర్ట్జ్ ప్యానెల్ వల్ల. 24ను 60లో సర్దడానికి ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపాలి, అంటే ఒకటి 50 మిల్లీసెకన్లు, ఇంకోటి 33. ఈ అసమానతే కుదుపు. 120 హెర్ట్జ్ ప్యానెల్‌లో ప్రతి ఫ్రేమూ అయిదేసి సార్లు సమంగా వస్తుంది. స్ట్రీమింగ్ స్టిక్‌లో మ్యాచ్ ఫ్రేమ్ రేట్ ఆన్ చేసి 24 హెర్ట్జ్ పంపిస్తే 120 ప్యానెల్ ఉన్నవాళ్ళకు సమస్య పూర్తిగా తీరుతుంది. ఇక్కడ కుదుపు కొంత మిగిలింది, అయినా కల్పిత ఫ్రేముల కంటే అదే నయం.

డీటీహెచ్‌లో సినిమా 25 ఫ్రేములతో నడుస్తుంది. నాలుగు శాతం వేగం, 160 నిమిషాల సినిమా ఆరు నిమిషాల పైన ముందే అయిపోతుంది. బాక్సు అవుట్‌పుట్ 60 కాకుండా 50 హెర్ట్జ్ ఉండేలా చూసుకుంటే కుదుపు ఉండదు.

హెచ్‌డీఆర్

ఇది వేరే ఖాతా. హెచ్‌డీఆర్ బొమ్మ రాగానే టీవీ వేరే సెట్టింగులు తెరుస్తుంది, పైన చేసినవేవీ అక్కడికి రావు. అక్కడ బ్యాక్‌లైట్ పూర్తిగా పైనే ఉండాలి, ఎందుకంటే ఆ పద్ధతిలో ప్రతి అంకెకూ ఇన్ని నిట్స్ అని కచ్చితమైన లెక్క ఉంది. హెచ్‌డీఆర్‌లోనే ఒక రకమైన డాల్బీ విజన్‌లో డార్క్ లేదా సినిమా ఎంచుకోవాలి. 300 నిట్స్ దగ్గర ఆగిపోయే, లోకల్ డిమ్మింగ్ లేని ఈ టీవీలో మాత్రం బ్యాక్‌లైట్ పెరిగితే నలుపూ పైకి లేస్తుంది. అందుకే స్టిక్‌లో డైనమిక్ రేంజ్ ఎస్‌డీఆర్‌కు, అంటే హెచ్‌డీఆర్ కాని మామూలు వీడియోకు, మార్చాం. రాత్రి సీన్లు చూస్తే అది సరైన నిర్ణయమేనని స్పష్టంగా తెలిసింది.

వెనక దీపం

కోఠి గుజరాతీ గల్లీలో 5 వోల్టుల 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ రెండున్నర మీటర్లు, చిన్న డిమ్మర్ తీసుకున్నాం. రంగులు మారే ఆర్‌జీబీ స్ట్రిప్ వద్దు, దాని తెలుపు అసలు తెలుపు కాదు. సీఆర్‌ఐ (దీపం రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నదని అడిగి తీసుకోవాలి.

టీవీ వెనక రెండు పక్కలా, పైనా, అంచు నుంచి ఏడు సెంటీమీటర్లు లోపలికి అంటించాం. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అయినా మే నెల వేడికి, టీవీ వేడి తోడై జిగురు వదిలేస్తుంది, కాబట్టి ప్రతి అడుగుకూ ఒక క్లిప్పు వేయాలి. టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు ఇస్తే మామూలుగా అర ఆంపియరే దొరుకుతుంది, స్ట్రిప్ చివరి భాగం మసకబారుతుంది. 2 ఆంపియర్ల ఫోన్ ఛార్జర్ పెట్టాం.

గోడ మీద వెలుగు తెర తెలుపులో పదో వంతు మించకూడదు, అంటే 10 నిట్స్. అదే కెమెరా, అదే ఐఎస్ఓ 100, ఎఫ్/4తో గోడను కొలిస్తే 1/5 సెకను. గోడ క్రీమ్ రంగు కావడంతో వెలుగు పచ్చబారి, దాని పక్కన తెర నీలంగా అనిపించింది. టీవీ వెనక మెరుపులేని తెల్ల చార్ట్ షీట్లు అంటించాక సర్దుకుంది. దీపం వెలిగించి చూస్తే నల్ల పట్టీల బూడిదతనం చాలావరకు కంటికి ఆనడం లేదు. ప్యానెల్ నలుపు మారలేదు, పక్కన వెలుగు ఉండటంతో కంటికి అది ఇంకా నల్లగా తోస్తోంది, అంతే.

మిగిలింది

సెట్టింగులను అన్ని హెచ్‌డీఎంఐలకూ, టీవీలోని యాప్‌లకూ కాపీ చేయాలి. అప్లై టు ఆల్ ఇన్‌పుట్స్ అన్న చోట కూడా యాప్‌లు కొన్నిసార్లు విడిగా ఉండిపోతాయి. ప్రతి మెనూ పేజీకీ ఫోటో తీసి పెట్టుకున్నాం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత మొదట చూడాల్సినవి ఎనర్జీ సేవింగ్, కదలిక నునుపు, షార్ప్‌నెస్. తిరిగి వచ్చేవి సాధారణంగా ఆ మూడే. వైట్ బ్యాలెన్స్ కలరీమీటర్ దొరికాక చేయాలి. అప్పటిదాకా గెయిన్, ఆఫ్‌సెట్ ఫ్యాక్టరీ అంకెల దగ్గరే ఉంటాయి.